చిప్ప జారిన మోకాలు: చెన్నై ఫ్లాట్‌లో ఒక పొమరేనియన్ రికవరీ డైరీ

బుజ్జి. పొమరేనియన్, ఆడది, నాలుగేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. బరువు 3.8 కిలోలు. కుడి వెనక మోకాలు గ్రేడ్ 3, ఎడమది గ్రేడ్ 2. ఇల్లు పెరంబూర్‌లో, అపార్ట్‌మెంట్‌లో. నేలంతా నున్నటి విట్రిఫైడ్ టైల్స్. చిన్న కుక్కకు మోకాలి ఆపరేషన్ చెప్పిన ఇళ్లవాళ్లకు వారం వారం ఏం చేయాలో, ఎక్కడ చెడుతుందో తెలియాలని ఈ డైరీ.

రోగం ఏమిటి, ఏది కాదు

మోకాలి చిప్ప తొడ ఎముక చివరున్న గాడిలో పైకీ కిందికీ కదలాలి. పొమరేనియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, టాయ్ పూడుల్ లాంటి చిన్న జాతుల్లో అది చాలాసార్లు లోపలి వైపుకు తప్పుకుంటుంది. సోఫా మీంచి దూకినందుకే వచ్చిందని ఇంట్లో ఒకరినొకరు అనుకోవద్దు. ఎక్కువ కేసుల్లో ఎముకల అమరికే అలా పెరుగుతుంది: గాడికి లోతుండదు, చిప్ప కింది స్నాయువు అతుక్కునే కాలి ఎముక బుడిపె లోపలికి తిరిగి ఉంటుంది, తొడ ముందు కండరం చిప్పను వంకరగా లాగుతుంది. దూకడం ఆ లోపాన్ని ముదరబెడుతుంది, అంతే.

గ్రేడ్ 1లో చేత్తో నొక్కితే చిప్ప జారుతుంది, వదిలితే తనే వస్తుంది. గ్రేడ్ 2లో నడకలో దానంతటదే జారి, కాలు చాపినప్పుడో మనం నెట్టినప్పుడో గాడిలోకి వస్తుంది. గ్రేడ్ 3లో ఎక్కువ సేపు బయటే ఉంటుంది. చేత్తో లోపలికి తోయవచ్చు గానీ నిలవదు. గ్రేడ్ 4లో తోసినా రాదు. ఇంట్లో కనిపించే గుర్తు ఒకటే: మామూలుగా నడుస్తూ నాలుగడుగులు వెనక కాలు ముడిచి ఎగురుతుంది, ఒకసారి కాలు వెనక్కి చాచి విదిలిస్తుంది, మళ్లీ ఏమీ జరగనట్టు నడుస్తుంది. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు.

కుంటే ప్రతి చిన్న కుక్కకూ చిప్పే కారణం కాదు. ఏడాది లోపు పిల్ల తుంటి దగ్గర ముట్టుకుంటే అరిచి, తొడ సన్నబడుతుంటే తుంటి బంతి ఎముకకు రక్తం అందక చచ్చుబడే లెగ్-కాల్వే-పెర్తెస్ జబ్బును చూడాలి. దానికి చేసే ఆపరేషన్ వేరు, తర్వాతి పద్ధతి ఇంచుమించు దీనికి తలకిందులు, కాలు తొందరగా వాడించాలి. నడివయసు కుక్క ఉన్నట్టుండి కాలు మోపడం పూర్తిగా మానేస్తే మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ తెగిందేమో పరీక్షించాలి. చాలాకాలం చిప్ప జారిన మోకాల్లో అది కూడా తెగుతుంది. చెన్నైలో మరొకటి మరవకూడదు, గోమారి జ్వరం. గోమార్లు ఎక్కించే ఎర్లీకియా అనే సూక్ష్మజీవి కీళ్లను వాపెక్కించి ఈరోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటిస్తుంది.

ఆపరేషన్‌కు ముందు

రక్త పరీక్ష: పూర్తి కౌంట్, ప్లేట్‌లెట్లు, రక్తపు స్మియర్ (గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూసే చుక్క), లివర్, కిడ్నీ, షుగర్. వీటిలో ఈ ఊరికి ముఖ్యమైనది ప్లేట్‌లెట్లు. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా చాలా కుక్కల్లో పైకి కనపడకుండా ఉంటుంది. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కను కోస్తే రక్తం ఆగదు. మామూలుగా 2 నుంచి 5 లక్షల మధ్య ఉండాలి. మిషన్ తక్కువ చూపిస్తే స్మియర్‌లో కంటితో లెక్కించమని అడగండి. ప్లేట్‌లెట్లు గుంపుకట్టినా మిషన్ తక్కువే చూపిస్తుంది. నిజంగా తక్కువైతే ముందు జ్వరానికి మందు వాడాలి. సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు, ఆ తర్వాతే మోకాలు. ఈ మోకాలు ఒక నెల ఆగినందుకు కొంప మునగదు.

ఎక్స్‌రేలు రెండు కాళ్లకూ, తుంటితో సహా, మత్తిచ్చి తీయించాలి. మత్తు లేకుండా కుక్క కాలు బిగబట్టి ఉంటే కోణాలు తప్పుగా వస్తాయి. 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి వేపేరిలో ఉంది. అక్కడైనా ప్రైవేటులోనైనా వెయిటింగ్ హాల్లో పెద్ద కుక్కలుంటాయి. చిన్నదాన్ని నేల మీద వదలకుండా మూత ఉన్న క్యారియర్‌లోనే ఉంచండి, భయపడి గింజుకుంటే ఉన్న మోకాలు ఇంకా చెడుతుంది.

బరువు: బుజ్జికి ఉండాల్సింది 3.2 కిలోలు. అరచేతితో పక్కటెముకలు తడిమితే సన్నని గుడ్డ కింద ఉన్నట్టు తగలాలి. తగలలేదు, వెతకాల్సి వచ్చింది. రోజు తిండి లెక్క ఇది: ఉండాల్సిన బరువు కిలోల్లో, దాని 0.75 ఘాతం, ఇంటూ 70. 3.2 కిలోలకు రోజుకు సుమారు 170 కిలోక్యాలరీలు. ఒక్క మారీ బిస్కెట్టు 25 దాకా ఉంటుంది. ఇంట్లో ఇద్దరు చెరొకటి పెడితే రోజు తిండిలో పావు వంతుకు పైన అక్కడే అయిపోయింది. కప్పుతో కొలవడం మానేసి, డ్రై ఫుడ్‌ను గ్రాముల్లో తూచి పొద్దున్నే ఒక డబ్బాలో పోశాం. ఎవరు ఏం పెట్టినా ఆ డబ్బాలోంచే. వారానికి 1 నుంచి 2 శాతం తగ్గితే చాలు. అంతకన్నా వేగంగా తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఈ మోకాలికి కావాల్సిందే ఆ కండ.

నేల: ఆపరేషన్ ఎంత బాగా చేసినా టైల్ మీద ఒక్క జారుడు చాలు, ఆపరేషన్‌లో జరిపి అతికించిన కాలి ఎముక బుడిపె ఊడటానికి. కాటన్ పరుపులు, పల్చటి యోగా మ్యాట్‌లు టైల్ మీద అవే జారతాయి. పీచు పట్టాలు కుట్లను గీరతాయి. ముక్కలు ముక్కలుగా అతికే ఫోమ్ మ్యాట్లను కొరికే కుక్క మింగితే పేగులో అడ్డం పడుతుంది. నిలిచింది గీతలున్న 3 మి.మీ. రబ్బరు షీటు, 60 సెం.మీ. వెడల్పు. పడక నుంచి గిన్నెకు, గిన్నె నుంచి బాల్కనీ తలుపుకు ఒకే దారిలా పరిచి, రెండు చివర్లా డబుల్ సైడ్ టేపు వేశాం. కొత్త రబ్బరు వాసన ఘాటుగా ఉంటుంది, సబ్బునీళ్లతో కడిగి ఒకరోజు ఎండలో పెట్టాలి. పంజా మెత్తల మధ్య వెంట్రుకలు రెండు వారాలకోసారి కత్తిరించాలి. రబ్బరు పరిచినా, అరికాలి మీద బొచ్చు ఉంటే కుక్క బొచ్చు మీదే నిలబడి జారుతుంది. గోళ్లు నేలకు టక్ టక్ మని తగులుతుంటే పొడవైనట్టే.

పెన్ (కుక్కను కదలకుండా ఉంచే చిన్న కంచె): 120 × 90 సెం.మీ., ఎత్తు 60. లోపల 5 సెం.మీ. గట్టి ఫోమ్, ఉతికే కవర్. గిన్నెలు 10 సెం.మీ. ఎత్తున, మెడ వంచి బరువు అటూ ఇటూ మార్చకుండా. పొమరేనియన్ పెన్ గోడకు ముందుకాళ్లు ఆనించి వెనక కాళ్ల మీద నిలబడుతుంది, ఆపరేషన్ అయిన మోకాలికి అంతకన్నా చెడ్డ పని లేదు. చుట్టూ 40 సెం.మీ. ఎత్తు దాకా మందపాటి గుడ్డ కట్టాం. బయట ఏముందో కనపడకపోతే లేచి చూడాలన్న ఆత్రం సగం తగ్గుతుంది. కాలింగ్ బెల్ కనెక్షన్ తీసేసి, తలుపు మీద ఫోన్ చేయమని కాగితం అంటించాం. కొరియర్ బెల్లుకు తలుపు దాకా పరుగెత్తే కుక్కను ఏ పెన్నూ ప్రశాంతంగా ఉంచలేదు.

తేదీ: దీపావళి, భోగి రెండూ మొదటి ఎనిమిది వారాల్లో పడకుండా చూసుకోండి. టపాసుల భయానికి కుక్క పెన్ దూకుతుంది. భోగి తెల్లవారుజామున పిల్లలు మేళాలు వాయించుకుంటూ వీధిలో తిరుగుతారు, అదీ అంతే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన, కుట్లు తడవకుండా కాపాడటం కష్టం.

ఆపరేషన్ రోజు

పెద్ద కుక్కకైతే రాత్రి నుంచి పస్తు పెడతారు. 4 కిలోల లోపు కుక్కకు అంతసేపు వద్దు, షుగర్ పడిపోతుంది. ఆరు గంటల పస్తు చాలన్నారు, నీళ్లు మత్తుకు ముందు దాకా ఇచ్చాం.

చేసినవి నాలుగు పనులు. గాడిని లోతు చేయడం: పైనున్న మృదులాస్థిని చెక్కేయకుండా ఒక దిమ్మలా కోసి తీసి, అడుగున ఎముక తగ్గించి, దిమ్మను మళ్లీ అక్కడే కూర్చోబెట్టారు. మృదులాస్థి పోతే చిప్ప గరుకు ఎముక మీద రాసుకుంటుంది, అందుకే ఈ శ్రమ. కాలి ఎముక బుడిపెను కోసి బయటివైపుకు జరిపి రెండు సన్నని పిన్నులతో బిగించారు. లోపలివైపు బిగుసుకున్న పొరను వదులు చేశారు. బయటివైపు వదులైన పొరను బిగించి కుట్టారు. గ్రేడ్ 3కి బుడిపె జరపకుండా గాడి ఒక్కటే లోతు చేస్తామంటే ఎందుకని అడగండి. లాగే దిశ మారకపోతే చిప్ప మళ్లీ జారడానికే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే కాపీ తీసుకుని ఇంటికి రండి, ఆరో వారం దాన్నే పక్కన పెట్టి పోల్చాలి.

మొదటి వారం

మందులు: నొప్పి, వాపు తగ్గించే మెలాక్సికామ్ మొదటి రోజు కిలోకు 0.2 మి.గ్రా. ఆసుపత్రిలోనే ఇచ్చారు, తర్వాత రోజుకోసారి కిలోకు 0.1, తిండి తర్వాత. బుజ్జికి 0.38 మి.గ్రా. కుక్కల సిరప్ 1.5 మి.గ్రా./మి.లీ. కాబట్టి పావు మి.లీ. 1 మి.లీ. సిరంజితోనే కొలవాలి, చెంచాతో కాదు. మెడికల్ షాపులో దొరికే మనుషుల 7.5 మి.గ్రా. మాత్ర ఒకటి వేస్తే దాదాపు 20 రెట్ల డోసు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అసలు ముట్టుకోకూడదు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పికి గాబాపెంటిన్ రాస్తే సిరప్ సీసా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చదవండి, కుక్కకు అది విషం. వాంతి, నల్లటి విరేచనం, తిండి మానేయడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా తర్వాతి డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి.

మొదటి 72 గంటలు చల్లటి కాపడం. ఫ్రీజర్‌లోని బఠానీల ప్యాకెట్టును పల్చటి తువ్వాలులో చుట్టి, మోకాలి మీద 10 నిమిషాలు, రోజుకు నాలుగు సార్లు. ఐస్ నేరుగా చర్మం మీద పెట్టకూడదు. కుట్లు నాకకుండా మెడకు వేసే కోన్ ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. చెన్నై ఉక్కలో కోన్ లోపల వేడి నిలుస్తుంది, టేబుల్ ఫ్యాన్‌ను నేల మట్టంలో పెట్టాలి. పడమటి గోడ పక్కన పెన్ వద్దు, రాత్రి దాకా ఆ గోడ సెగ కక్కుతుంది.

మెత్తటి కట్టు వేసి పంపితే మధ్య రెండు వేళ్ల గోళ్లు చూడండి. పక్కపక్కనే సమంగా ఉన్నవి విడిపోతుంటే కాలు వాస్తోందని అర్థం. కట్టు తడిసినా వాసన వచ్చినా అదే రోజు మార్పించాలి. ప్లాస్టిక్ కవరు బయటికి వెళ్లినప్పుడు మాత్రమే, ఇంట్లోకి రాగానే తీసేయాలి, లేదంటే చెమటకు చర్మం నాని ఊడుతుంది.

మూత్రానికి ఎత్తుకుని దించి, పొట్ట కింద మెత్తటి తువ్వాలు పట్టీ వేసి పట్టుకోవాలి. మత్తు, నొప్పి మందుల వల్ల మలం మూడు నాలుగు రోజులు రాకపోవచ్చు. మూత్రం ఒక రోజంతా రాకపోతే మాత్రం ఆగకూడదు.

రెండో వారం

కుడి తొడ చుట్టుకొలత 14.2 సెం.మీ., ఆపరేషన్‌కు ముందు 15.0. ఎడమ 16.5. బొచ్చు మీద టేపు వేస్తే అంకెలు అబద్ధం చెబుతాయి. తొడ మధ్య ఒకే చోట బొచ్చు తడిపి పాయ తీసి, కుక్క పక్కకు పడుకున్నప్పుడే కొలవాలి.

సర్జన్ సరేనన్నాక కాలి కదలిక వ్యాయామం. గోరువెచ్చని గుడ్డ కాపడం 5 నిమిషాలు, తర్వాత కాలు పైకి వచ్చేలా పక్కకు పడుకోబెట్టి, ఒక చేయి తొడ కింద, ఒకటి మడమ దగ్గర. సైకిల్ తొక్కినట్టు మెల్లగా ముడిచి చాపడం, 10 నుంచి 15 సార్లు, రోజుకు మూడు విడతలు. బిగువు తగిలిన చోటే ఆగాలి. కుక్క తల తిప్పి మీ చేతిని చూసిందంటే ఎక్కువైంది. కుక్క పిల్లల్లో ఈ పని ఇంకా అవసరం, కాలు చాపినట్టే ఉంచితే తొడ కండరం కర్రలా బిగుసుకుని మళ్లీ వంగదు.

కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. రెండో వారం చివరికి కనీసం వేళ్లయినా నేలకు ఆనించాలి. ఆనించకపోతే ఇంకో వారం చూద్దామనుకోకుండా చూపించండి.

మూడు నుంచి ఆరో వారం

నిజమైన పని ఇక్కడే. నొప్పి తగ్గింది, కుక్క హుషారుగా ఉంది, ఎముక మాత్రం ఇంకా అతకలేదు. ఇంటిల్లిపాదీ జాలిపడి వదిలేసేది ఈ వారాల్లోనే. సోఫా మీదికి ఒక్క దూకుడుకు బుడిపె పిన్నులతో సహా లేచిపోవచ్చు.

నడక పట్టీ (లీష్)తోనే. మూడో వారం 5 నిమిషాలు, రోజుకు మూడు సార్లు. వారానికి 3 నిమిషాల చొప్పున పెంచాం. నిమిషాల కన్నా వేగం ముఖ్యం. చిన్న కుక్క మూడు కాళ్ల మీద హాయిగా పరుగెత్తగలదు కాబట్టి వేగంగా తీసుకెళ్తే నొప్పి కాలిని మడిచి దాచేస్తుంది. మెల్లగా తీసుకెళ్తే మూడు కాళ్ల మీద నిలదొక్కుకోలేదు, నాలుగోది దించక తప్పదు. మనం ఒక అడుగు వేసి, క్షణం ఆగి, ఇంకో అడుగు వేసేంత మెల్లగా. ఎగరడం మొదలైతే ఆగిపోండి, నాలుగు పంజాలూ నేల మీదికొచ్చాక కదలండి. పట్టీ చిన్నదిగా, మెడకు కాకుండా ఛాతీ హార్నెస్‌కు తగిలించండి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో వెనకనుంచి వారానికోసారి తీయండి. కంటికి మామూలుగా కనిపించే నడకలో కుడి పంజా ఎడమకన్నా ముందే లేవడం అందులో తెలుస్తుంది.

సమయం పొద్దున ఆరున్నర లోపు. మే నెల కత్తిరి ఎండల్లో సాయంత్రం ఏడైనా తారు రోడ్డు వేడిగానే ఉంటుంది. అరచేయి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పంజా కూడా ఆనదు, కాలు ఎత్తడానికి కారణం మోకాలే అనుకుని కంగారు పడతాం.

నాలుగో వారం కాలి ముందు వైపు, పిన్నుల దగ్గర మెత్తటి బుడగ లాంటి వాపు వచ్చింది. పిన్ను కొస చర్మం కింద రాసుకుంటే నీరు చేరుతుంది. నొప్పి లేదు, నడక తగ్గలేదు, కాబట్టి సర్జన్ ఎక్స్‌రే చూసి అలాగే ఉంచారు. దాన్ని పిండకూడదు, సూదితో తీయకూడదు, ఇన్‌ఫెక్షన్ లోపలికి వెళ్తుంది. పిన్ను వెనక్కి జరుగుతుంటే ఎముక అతికాక తీసేస్తారు. కానీ బాగుపడుతున్న కుక్క ఉన్నట్టుండి మూడు కాళ్ల మీదికి వస్తే అది వేరే సంగతి: బుడిపె ఊడిందో, చిప్ప మళ్లీ జారిందో, క్రూసియేట్ తెగిందో. ఆ రోజే ఎక్స్‌రే.

ఆరో వారం ఎక్స్‌రే

బుడిపె అతికింది, పిన్నులు కదలలేదు, చిప్ప గాడిలోనే ఉంది. బరువు 3.4. తొడ 14.7. కొన్నింటికి ఎనిమిదో వారం దాకా పడుతుంది. ఎక్స్‌రే చూడకుండా పెన్ తీయవద్దు.

కత్తిరించిన చోట బొచ్చు ఇంకా రాలేదు. పొమరేనియన్లకు ఇది మామూలే, నున్నగా గీసిన చోట నెలల తరబడి రాకపోవచ్చు. నూనెలు రాయనక్కర్లేదు. ఎండ తగిలితే ఆ చర్మం కమిలిపోతుంది, అదొక్కటి చూసుకోండి.

ఏడు నుంచి పన్నెండో వారం

ర్యాంప్: సోఫా ఎత్తు 42 సెం.మీ. 12 మి.మీ. ప్లైవుడ్, 130 సెం.మీ. పొడవు, 30 వెడల్పు. వాలు సుమారు 19 డిగ్రీలు వస్తుంది. షాపుల్లో దొరికే 70 సెం.మీ. ర్యాంపులు ఈ ఎత్తుకు మరీ నిటారు, కుక్క మధ్యలోంచి దూకేస్తుంది. మిగిలిన రబ్బరు షీటును ఫెవికాల్ ఎస్‌ఆర్‌తో అతికించి ఒకరోజు బాల్కనీలో ఆరబెట్టాం. రెండు అంచులకూ 3 సెం.మీ. చెక్క పట్టీ, పక్కకు జారకుండా. పై చివర సోఫాకు తాడుతో కట్టకపోతే ర్యాంపే వెనక్కి తన్నుకుపోతుంది. మొదట నేల మీద పడుకోబెట్టి దాని మీద నడిపించి, తర్వాత ఒక వైపు ఎత్తాలి.

కూర్చుని లేవడం 5 సార్లు, రోజుకు రెండు విడతలు, మూలలో గోడకు ఆనించి చేయిస్తే కాలు పక్కకు చాపి మోసం చేయదు. బహుమతి డబ్బాలోని తిండే. తొమ్మిదో వారం నుంచి పైపుల మీద నడక: 20 మి.మీ. పీవీసీ పైపు ముక్కలు నాలుగు, 25 సెం.మీ. ఎడంగా, మొదట నేల మీదే. తర్వాత రెండు చివర్లా పుస్తకాలు పెట్టి 3 సెం.మీ. ఎత్తు. పైపు కట్టేయవద్దు, తగిలితే దొర్లిపోవాలి. పాదం ఎత్తి దాటేటప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకుంటుంది, మామూలు నడకలో అంత ముడవదు.

బెసెంట్ నగర్ బీచ్‌కు ఇప్పుడే వద్దు. పొడి ఇసుకలో పంజా దిగబడి మోకాలు మెలితిరుగుతుంది. పన్నెండో వారం దాటాక, అల తడిపి గట్టిపడిన ఇసుక మీద, పట్టీతో.

పన్నెండో వారం చివర: బరువు 3.3, కుడి తొడ 15.8, ఎడమ 16.4. మెల్లటి నడకలో తేడా కనపడదు, వేగం నడకలో అప్పుడప్పుడు ఒక అడుగు తేలిపోతుంది.

ఎడమ మోకాలు ఇంకా గ్రేడ్ 2. ఆపరేషన్ ఇప్పుడే వద్దని నిర్ణయం. కుడి కాలు బరువు మోస్తున్నకొద్దీ ఎడమ మీద భారం తగ్గుతుంది. నెలకోసారి వీడియో, రెండు తొడల కొలత, బరువు. ఎడమ కాలు ఎత్తడం రోజూ కనిపిస్తే, లేదా ఎడమ తొడ 15.5 కన్నా తగ్గితే ఎక్స్‌రేకు తీసుకెళ్లాలి. రబ్బరు దారి, ర్యాంప్ అలాగే ఉంటాయి, కాలింగ్ బెల్ కూడా ఇంకా కలపలేదు.